కళ్ళు మండితే కారణం ఎవరు? హాగెన్-స్మిట్ కథ

మనలో చాలామంది ఈవీఎస్ పరీక్షలో ఫోటోకెమికల్ స్మాగ్ ప్రశ్నకి జవాబు రాసే ఉంటాం. నైట్రోజన్ ఆక్సైడ్లు, హైడ్రోకార్బన్లు, వాటి మీద ఎండ, చివర్లో ఓజోన్. నాలుగు బాణం గుర్తులు గీస్తే మార్కులు వచ్చేస్తాయి. ఆ బాణాలు కనిపెట్టడానికి ఒక మనిషి తన కెరీర్‌నే పక్కన పెట్టాడని, చివరికి పదవి కూడా పోగొట్టుకున్నాడని మన పుస్తకాల్లో ఉండదు. ఆయన పేరు ఆరీ యాన్ హాగెన్-స్మిట్.

ఈయన కథ నన్ను పట్టుకోవడానికి కారణం మా ఊరు. మాది శ్రీకాకుళం జిల్లా కోటబొమ్మాళి. మా చుట్టుపక్కల గాలి గురించి ఎవరిని అడిగినా జవాబు సిద్ధంగా ఉంటుంది. పలాస, కాశీబుగ్గ వైపు వాళ్ళైతే జీడిపిక్కలు కాల్చే పొగ అంటారు. టెక్కలి వైపు వాళ్ళు గ్రానైట్ క్వారీల దుమ్ము అంటారు. హైవే పక్కన ఉండేవాళ్ళకి లారీలు. 2010లో సోంపేటలో, 2011లో కాకరాపల్లిలో థర్మల్ ప్లాంట్లు వద్దని జనం రోడ్డెక్కారు. బీల నేలలు, తంపర నీళ్ళు పోతాయని, బూడిద వచ్చి పంటల మీద పడుతుందని వాళ్ళ భయం. రెండు చోట్లా పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. కాబట్టి మా వైపు గాలి గురించి మాట్లాడటమంటే ఊరికే సైన్స్ మాట్లాడటం కాదు. ఎవరి వల్ల అనే ప్రశ్న వెంటనే వచ్చి కూర్చుంటుంది. హాగెన్-స్మిట్ జీవితమంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

ఆయన 1900 డిసెంబర్ 22న నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్‌లో పుట్టారు. అదే ఊరి యూనివర్సిటీలో కెమిస్ట్రీ చదివి, 1929లో డాక్టరేట్ తీసుకున్నారు. మొక్కల నూనెల్లో సువాసననిచ్చే పదార్థాల కుటుంబం ఒకటుంది, దాని మీదే ఆయన పరిశోధన. తర్వాత మొక్కల పెరుగుదలని నడిపే హార్మోన్ల వైపు వెళ్ళారు. ఈరోజు బోటనీ పుస్తకాల్లో ఇండోల్ ఎసిటిక్ యాసిడ్ అని చదివే ఆక్సిన్‌ని 1934లో గుర్తించిన ముగ్గురిలో ఆయన ఒకరు. 1936లో అమెరికాలోని హార్వర్డ్‌కి, మరుసటి ఏడాది కాలిఫోర్నియాలోని కాల్‌టెక్‌కి వెళ్ళి, అక్కడే స్థిరపడ్డారు.

అక్కడ ఆయనకి ఇష్టమైన పని రుచి, వాసన. పైనాపిల్ పండుకి ఆ వాసన ఎక్కడి నుంచి వస్తుంది అనేది ఒక ప్రశ్న. వాసన అంటే గాల్లోకి లేచే అతి కొద్ది పదార్థం. దాన్ని పట్టుకోవాలంటే పండు ఆవిరిని విపరీతంగా చల్లబరిచిన గొట్టంలోంచి పంపాలి. ఆవిరి అక్కడ గడ్డకట్టి నిలిచిపోతుంది. ఆ చుక్కల్ని తీసి విడివిడిగా పరీక్షిస్తే ఏ వాసన ఏ పదార్థానిదో తెలుస్తుంది. ఇలా పైనాపిల్ వాసనలోని పదార్థాల మీద ఆయన పరిశోధన పత్రాలు 1945లో వచ్చాయి. అంటే అప్పటికి ఆయన కాలుష్యం మనిషి కాదు. వాసనల మనిషి.

ఆయన పనిచేసే పసడీనా పక్కనే లాస్ ఏంజెలెస్. 1943 జులై 26న ఆ నగరాన్ని ఘాటైన పొగమంచు కమ్మేసింది. కళ్ళు మండాయి, గొంతులు పట్టేశాయి, మూడు వీధుల అవతల ఏముందో కనబడలేదు. రెండో ప్రపంచ యుద్ధం రోజులు కావడంతో జపాన్ వాళ్ళు విషవాయువు వదిలారేమోనని కొందరు భయపడ్డారు. ఆ భయం తగ్గాక జనం వేలు ఆలిసో స్ట్రీట్‌లోని ఒక ఫ్యాక్టరీ వైపు చూపించింది. కృత్రిమ రబ్బరు కోసం బ్యూటాడైన్ తయారుచేసే ఫ్యాక్టరీ అది. వాసన వచ్చేది, కంటికి కనబడేది, ఊరి మధ్యలో ఉండేది. ఒత్తిడి పెరిగి దాన్ని మూయించారు, పొగ బయటికి రాకుండా మార్పులు చేయించారు. పొగమంచు మాత్రం పోలేదు.

నిప్పు లేనిదే పొగ రాదని మన సామెత. లాస్ ఏంజెలెస్‌లో చిక్కంతా అక్కడే వచ్చింది. జనం నిప్పు కోసం వెతికారు. ఫ్యాక్టరీ పొగగొట్టాలు, రిఫైనరీలు, ఇళ్ళ పెరట్లో చెత్త కాల్చే పొయ్యిలు. 1947లో కౌంటీ ప్రభుత్వం కాలుష్య నియంత్రణకి ప్రత్యేక విభాగాన్ని పెట్టింది. ఆ విభాగం ముందు పట్టుకున్నది సల్ఫర్ డైఆక్సైడ్‌ని. ఎందుకంటే బొగ్గు కాల్చే నగరాల్లో అప్పటికే తెలిసిన దోషి అదే. 1952 డిసెంబర్‌లో లండన్‌లో వేలమందిని చంపిన పొగమంచు కూడా ఆ రకమే. రిఫైనరీల చేత సల్ఫర్ తగ్గించారు. లాస్ ఏంజెలెస్ జనం కళ్ళు మాత్రం మండుతూనే ఉన్నాయి.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. లండన్ పొగమంచు చలికాలంలో, తడి గాల్లో, రాత్రీ పగలూ ఉండేది. లాస్ ఏంజెలెస్‌ది వేసవిలో, మంచి ఎండ కాసే రోజున, మధ్యాహ్నానికి ముదిరి సాయంత్రానికి తగ్గేది. ఒక పక్క సముద్రం, మిగతా పక్కల కొండలు. పైన వేడిగాలి మూతలా కూర్చుంటే కింద గాలి ఎటూ కదలదు. విశాఖపట్నం తెలిసినవాళ్ళకి ఈ బొమ్మ వెంటనే అర్థమవుతుంది. అక్కడ కూడా కైలాసగిరి కొండలకీ యారాడ కొండకీ మధ్య నగరం గిన్నెలో పెట్టినట్టు ఉంటుంది.

పరిశోధకుల దృష్టి పంటల మీద పడటంతో హాగెన్-స్మిట్ ఇందులోకి వచ్చారు. నగరం చుట్టుపక్కల పాలకూర లాంటి ఆకుకూరల మీద విచిత్రమైన మచ్చలు వచ్చేవి. ఆకు వెనకవైపు వెండిరంగులోకో కంచురంగులోకో మారేది. సల్ఫర్ డైఆక్సైడ్ వల్ల వచ్చే మచ్చలు అలా ఉండవు. ఇంకో వింత కూడా ఉంది. ఆ ఊళ్ళో కార్ల టైర్లు, రబ్బరు వస్తువులు మిగతా ఊళ్ళకంటే తొందరగా పగుళ్ళు పట్టేవి.

ఆయన చేసింది చాలా సింపుల్. పైనాపిల్‌కి వాడిన పద్ధతినే గాలికి వాడారు. పొగమంచు రోజున వేల ఘనపుటడుగుల గాలిని చల్లటి గొట్టంలోంచి లాగారు. చివర్లో మిగిలింది కొన్ని చుక్కల గోధుమరంగు ద్రవం, భరించలేని వాసనతో. దాన్ని పరీక్షిస్తే ఆల్డిహైడ్లు, పెరాక్సైడ్లు కనిపించాయి. ఇవి ఏ పొగగొట్టంలోంచీ నేరుగా వచ్చేవి కావు. అంటే దోషి గాల్లోకి ఎవరూ వదలని పదార్థం. గాల్లోనే తయారవుతోంది.

తర్వాతి మెట్టు దాన్ని తయారుచేసి చూపించడం. మూసిన గదుల్లో మొక్కలు పెట్టి పెట్రోలు ఆవిరినీ ఓజోన్‌నీ కలిపి వదిలారు. పొలాల్లో వచ్చిన మచ్చలే ఆకుల మీద వచ్చాయి. ఆ తర్వాత పెట్రోలు ఆవిరినీ నైట్రోజన్ డైఆక్సైడ్‌నీ కలిపి ఎండలో పెడితే ఓజోన్ దానంతటదే పుట్టుకొచ్చింది. మన పరీక్షలో గీసే బాణాలు ఇవే. కార్ల పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లు ఉంటాయి, సగం కాలిన పెట్రోలు ఉంటుంది. పెట్రోలు ట్యాంకుల నుంచి, రిఫైనరీల నుంచి ఇంకొంత ఆవిరి లేస్తుంది. పొయ్యి వెలిగించేది సూర్యుడు.

కొలవడం విషయంలో ఆయన చేసిన పని నాకు అన్నిటికంటే నచ్చింది. ఓజోన్‌ని సులువుగా కొలిచే పరికరాలు అప్పట్లో అందుబాటులో లేవు. అందుకని జనం ఫిర్యాదు చేస్తున్న రబ్బరునే పరికరంగా మార్చేశారు. ఒక రబ్బరు ముక్కని వంచి గాల్లో పెట్టి, మొదటి పగులు ఎన్ని నిమిషాలకి వస్తుందో చూడటం. ఓజోన్ ఎక్కువుంటే పగులు తొందరగా వస్తుంది, తక్కువుంటే ఆలస్యంగా. దీని మీద 1951లో ఒక సహచరుడితో కలిసి పత్రం రాశారు. టైరు పగిలిపోతోందని ఊళ్ళో వాళ్ళు విసుక్కున్న మాటే అంకె అయిపోయింది.

1952లో లాస్ ఏంజెలెస్ పొగమంచు రసాయనశాస్త్రం మీద ఆయన ముఖ్యమైన పత్రం వచ్చింది. దాని సారాంశం చమురు కంపెనీలకీ కార్ల కంపెనీలకీ నచ్చేది కాదు. చమురు పరిశ్రమ డబ్బుతో పరిశోధన చేస్తున్న ఒక సంస్థ శాస్త్రవేత్త కాల్‌టెక్‌కే వచ్చి, ఆయన ఫలితాలు తప్పని ఉపన్యాసం ఇచ్చారు. అప్పటికి హాగెన్-స్మిట్ ఈ గొడవ వదిలేసి తన వాసనల పనికి తిరిగి వెళ్ళిపోవాలనే ఆలోచనలో ఉన్నారు. ఆ ఉపన్యాసం విన్నాక ఆయనకి కోపం వచ్చింది. పైనాపిల్‌ని పక్కన పెట్టేశారు. ఆ తర్వాత జీవితమంతా గాలిదే. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఆ కంపెనీలు అంత తొందరపడి ఉండకపోతే, ప్రపంచానికి ఒక వాసనల శాస్త్రవేత్త మిగిలేవారేమో.

1953లో లాస్ ఏంజెలెస్ కౌంటీ నాయకుడు కెన్నెత్ హాన్ ఫోర్డ్ కంపెనీకి ఉత్తరం రాసి, కార్ల పొగ మీద మీరేం చేస్తున్నారని అడిగారు. ఆ పొగ గాల్లో వెంటనే చెదిరిపోతుంది, సమస్యేమీ ఉండదన్నట్టు జవాబొచ్చింది. 1950ల మధ్యకల్లా వేరే ప్రయోగశాలలు కూడా హాగెన్-స్మిట్ చెప్పింది నిజమేనని తేల్చాయి.

కంపెనీలు ఒప్పుకోకపోవడం మనకి ఆశ్చర్యం కలిగించదు. ఎక్కువ కష్టం జనంతో వచ్చింది. ఫ్యాక్టరీ మూయించండి అన్నంతకాలం నగరమంతా ఒక్క మాట మీద ఉంది. కారణం మీ కారే అనేసరికి ఎవరికి వారే యమునా తీరే. పెరట్లో చెత్త కాల్చే పొయ్యిల్ని 1957లో నిషేధించడానికే పెద్ద గొడవ అయింది. ఒక్క కారు వదిలే పొగ కంటికి కూడా కనబడదు. లక్షల కార్లది కలిస్తే, దాని మీద ఎండ పడితే, కొన్ని గంటల తర్వాత ఇంకెక్కడో ఎవరి కళ్ళో మండుతాయి. తప్పు చేసిన చోటు ఒకటి, నొప్పి తెలిసే చోటు ఇంకోటి. కంటితో చూసే అలవాటున్న మనకి ఇది నమ్మడం కష్టం.

నేను చదివేది కంప్యూటర్ సైన్స్ కాబట్టి నాకు ఇది బగ్ రిపోర్ట్ లాగా అనిపించింది. యాప్ ఆగిపోతోందని యూజర్ చెప్తే అది నూటికి నూరు పాళ్ళు నిజం, దాన్ని కొట్టిపారేయకూడదు. కానీ ఫలానా బటన్ వల్లే ఆగిపోతోందని కూడా ఆయనే చెప్తే అది ఊహ. లాగ్స్ చూడాల్సిందే. లాస్ ఏంజెలెస్‌లో అధికారులు, కంపెనీలు, జనం తలో తప్పు చేశారు. ఒకరు రిపోర్టుని పట్టించుకోలేదు, ఇంకొకరు ఊహనే రుజువు అనుకున్నారు. హాగెన్-స్మిట్ రిపోర్టుని పూర్తిగా నమ్మారు, ఊహని మాత్రం పరీక్షించారు.

ఆయన ప్రయోగశాలలోనే కూర్చోలేదు. 1960లో కాలిఫోర్నియా వాహన కాలుష్యం మీద ఒక బోర్డు పెడితే అందులో సభ్యుడయ్యారు. 1967 చట్టంతో ఎయిర్ రిసోర్సెస్ బోర్డు ఏర్పడినప్పుడు దానికి మొదటి ఛైర్మన్ ఆయనే. ఈరోజు ప్రపంచంలో కార్ల పొగ మీద ఉన్న చాలా నిబంధనలకి దారి చూపిన బోర్డు అది. కొత్త కార్లకి కఠినమైన ప్రమాణాలు పెట్టడం ఒక ఎత్తు, రోడ్డు మీద అప్పటికే తిరుగుతున్న పాత కార్లు ఇంకో ఎత్తు. వాటికి నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గించే పరికరం బిగించుకోవాలన్న నిబంధన దగ్గర పెద్ద గొడవ వచ్చింది. ఖర్చు పెట్టాల్సింది మామూలు జనం. ఆ గొడవల మధ్య 1973 డిసెంబర్‌లో గవర్నర్ రోనాల్డ్ రీగన్ ఆయన్ని పదవి నుంచి తీసేశారు. అమెరికా నేషనల్ మెడల్ ఆఫ్ సైన్స్‌లో ఆయనకి దక్కింది కూడా 1973 సంవత్సరపు పతకమే.

1975 మోడల్ కార్ల నుంచి కాటలిటిక్ కన్వర్టర్లు వచ్చాయి. ఆ మార్పు పూర్తి ఫలితం చూడకుండానే 1977 మార్చి 17న హాగెన్-స్మిట్ ఊపిరితిత్తుల కేన్సర్‌తో చనిపోయారు. అక్కడి ప్రభుత్వం వాహనాల పొగ పరీక్షించే ప్రయోగశాలకి ఆయన పేరు పెట్టింది. లాస్ ఏంజెలెస్‌లో వాహనాలు ఎన్నో రెట్లు పెరిగినా, ఇప్పటి గరిష్ఠ ఓజోన్ స్థాయిలు 1950ల నాటి వాటిలో సగం కూడా ఉండవు. సమస్య పూర్తిగా పోలేదు. కానీ తగ్గించవచ్చని రుజువైంది.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. 2015 నుంచి మన దేశంలో ఎయిర్ క్వాలిటీ ఇండెక్స్ ఉంది. 0 నుంచి 500 వరకు ఒక అంకె, దానికో రంగు. పీఎం 10, పీఎం 2.5, నైట్రోజన్ డైఆక్సైడ్, సల్ఫర్ డైఆక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్, ఓజోన్, అమ్మోనియా, సీసం అని మొత్తం ఎనిమిది పదార్థాలు చూస్తారు. వీటి సగటు తీయరు. ఏది అన్నిటికంటే చెడ్డగా ఉంటే ఆ అంకెనే ఇండెక్స్‌గా ఇస్తారు. పీఎం 2.5కి 24 గంటల సగటు ఘనపు మీటరుకి 60 మైక్రోగ్రాములు దాటకూడదని మన ప్రమాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన హద్దు 15. అంటే మన లెక్కలో పాసైన గాలి వాళ్ళ లెక్కలో ఫెయిలవ్వచ్చు.

ఫోన్లో మన ఊరి పేరు కొడితే ఒక అంకె వస్తుంది కదా. అది మన ఊళ్ళో పరికరం కొలిచిన అంకె కాకపోవచ్చు. శాటిలైట్ డేటాతో, దూరంగా ఉన్న స్టేషన్ల డేటాతో మోడల్ వేసిన అంచనా కూడా కావచ్చు. పలాసలో ఒక వీధిలో పిక్కలు కాలుస్తుంటే పక్క వీధిలో గాలి ఎలా ఉందో ఆ అంచనాకి తెలియదు. ఇంకో సంగతి కూడా ఉంది. కార్ల పొగలోని నైట్రిక్ ఆక్సైడ్ ఓజోన్‌ని తినేస్తుంది కాబట్టి ట్రాఫిక్ మధ్యలో కంటే గాలివాలున ఉన్న పల్లెలో ఓజోన్ ఎక్కువ ఉండొచ్చు. మే నెలలో నీలంగా మెరిసే ఆకాశం కింద కూడా. పొగ కనబడితే గాలి చెడ్డది, కనబడకపోతే మంచిది అన్న మన లెక్క రెండు వైపులా తప్పుతుంది.

అలాగని అంకె ఒక్కటే చాలదు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎందుకొస్తుందో ఇంతమంది పరీక్షించినా ఒక్క మాటగా తేలలేదు. జబ్బు కళ్ళెదుట ఉంది, కారణం కనబడదు. అలాంటి చోట జనం చెప్పేది వినకపోతే పరిశోధకులకి ఎక్కడ వెతకాలో కూడా తెలియదు. సోంపేట, కాకరాపల్లి రైతుల భయాన్ని అజ్ఞానం అని తీసిపారేసినవాళ్ళు పాలకూర ఆకు మీద మచ్చని చూడనివాళ్ళ లాంటివాళ్ళే. అదే సమయంలో మన పొగలన్నిటికీ పక్కవాడి పొగగొట్టమే కారణం అనుకుంటే మనం 1943 దగ్గరే ఆగిపోయినట్టు. జీడి పరిశ్రమ మీద వేలమంది ఆడవాళ్ళ కూలి ఆధారపడి ఉంది. డ్రమ్ముల్లో కాల్చే బదులు ఆవిరి బాయిలర్లలో ఉడికించడం లాంటి పద్ధతులు వచ్చాక ఆ ఘాటు తగ్గే దారి దొరికింది. కానీ మన బండి పొగ, మనం వీధి చివర తగలబెట్టే చెత్త మన లెక్కల్లోకి రావు.

సెన్సార్ ప్రాజెక్టులు చేసే మిత్రులకి ఒక మాట. చవక సెన్సార్లు పీఎం 2.5ని బాగానే చూపిస్తాయి గానీ గాల్లో తేమ ఎక్కువైతే అంకె పెంచేస్తాయి, మన కోస్తాలో తేమకి కొదవ లేదు. కాబట్టి వాటిని ప్రభుత్వ స్టేషన్ పక్కన పెట్టి సరిచూసుకోవాలి. అంకెతో పాటు గాలి ఎటు నుంచి వీస్తోందో కూడా రాసుకోవాలి. మా తీరంలో పగలు సముద్రం నుంచి, రాత్రి నేల మీద నుంచి గాలి వీస్తుంది, అందువల్ల ఒకే పొగ పగలు ఒక ఊరిది, రాత్రి ఇంకో ఊరిది అవుతుంది. ఆ పక్కనే ఇంకో వరుస ఉంచండి: ఆరోజు ఎవరి కళ్ళు మండాయి, ఏ వాసన వచ్చింది, ఏ గంటకి. మా తాతమ్మల మాట కూడా అందులో ఎక్కాలి. హాగెన్-స్మిట్ దగ్గర మొదట ఉన్నది ఆ వరుస ఒక్కటే.